పచ్చ చీర కట్టిన అక్క

"అక్కకి వయసేందమ్మా?"

ఆ తల్లి ఈ మాట అన్న క్షణం నాకు బాగా గుర్తుంది. నా ఎడమ చేతిలో మైకు ఉంది, కుడి చేతిలో పెన్ను. తప్పిపోయిన పాప వివరాలు రాసే కాగితంలో ఒక్క గడి మాత్రమే ఖాళీగా మిగిలింది: తోడుగా ఉన్నవారి వయసు. అది నింపడానికే "పాప వాళ్ళ అక్కకు ఎన్నేళ్ళు?" అని అడిగాను. అప్పటికి నలభై నిమిషాలుగా మూడు భాషల్లో ఆ అక్కను పిలుస్తున్నాను. తల్లి ఏడుపు ఆపి, నేనేదో అనకూడని మాట అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

"అక్కకి వయసేందమ్మా? అక్క ఎప్పుడూ ఉండేదే కదా."

నా పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఇంతసేపూ నేను ఎవరిని పిలుస్తున్నాను?

ఇప్పుడు నేను పనిచేసిన ఆ ప్రకటనల గదిలో మీలాంటి మరో అమ్మాయి ఎవరో కూర్చుని ఉంటుంది. నాకంటే చిన్నది, నాకంటే బాగా చదువుకున్నది అయి ఉంటుంది. ఆమె కోసమూ, అలాంటి పనిలో కొత్తగా చేరే మీ అందరి కోసమూ ఇది రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయారు. మా ఆయన రెండో షిఫ్టుకు వెళ్ళాడు. ఇలా కూర్చుని రాసుకోవడానికి నాకు దొరికే సమయం ఇదొక్కటే.

హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్ళే పెద్ద రోడ్డు విడిచి కాస్త లోపలికి వెళ్తే ఆ కొండ వస్తుంది. పెద్ద కొండేమీ కాదు. పైన ఉన్న అమ్మవారి గుడి మాత్రం చాలా పాతది. గర్భగుడి గోడల మీద చెక్కిన అక్షరాలు అరిగిపోయి, తమిళం చదివినవాళ్ళకు తమిళంలాగా, కన్నడం చదివినవాళ్ళకు కన్నడంలాగా కనిపిస్తాయి. గుడి చుట్టూ వాలు పొడుగునా చిన్న చిన్న సన్నిధులు ఉన్నాయి. అమ్మవారికి తమ్ముడని చెప్పే పోతురాజు, వేపచెట్టు కింద నాగులు, ఏనాడో పోరులో చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన వీరగల్లులు. వెనక వాలున ఒక దోన ఉంది. బండలో వాననీళ్ళు నిలిచి ఎండాకాలంలోనూ ఎండని గుంటను అక్కడ దోన అంటారు. దాని గట్టున ఏడు రాళ్ళు వరసగా ఉంటాయి.

ఆ గుడిలో ప్రకటనల గదిలో నేను రెండేళ్ళు పనిచేశాను. కాంట్రాక్టు పని. మా ఇంట్లో తెలుగు, చదివిన బడిలో తమిళం, పెళ్ళయ్యాక మూకండపల్లిలో మేము అద్దెకున్న వీధిలో కన్నడం. ఈ మూడూ తడబడకుండా మాట్లాడతానని నన్ను తీసుకున్నారు. డిగ్రీ ఉందని ఇంకో పని కూడా అప్పజెప్పారు. గుడికి వచ్చేవాళ్ళు ఏ సన్నిధి తర్వాత ఏది చూడాలో, ఒక్కొక్కదాని విశేషం ఏమిటో చెప్పే కరపత్రం రాయించారు. పుస్తకాలు తిరగేసి, పూజారి అయ్యవారిని అడిగి, నెల రోజులు కష్టపడి రాశాను. దోన పక్కనున్న ఏడు రాళ్ళకు "సప్తకన్యల సన్నిధి" అని పేరు పెట్టి, అక్షరాలు లావుగా అచ్చు వేయించాను. ఆ కరపత్రం చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రాళ్ళ దగ్గర దీపం పెట్టే ఒక్క మనిషిని కూడా "వీళ్ళను మీరేమని పిలుస్తారు?" అని అడగలేదు.

ఆ గది రేకుల గది. ఒక కిటికీ, ఒక కుర్చీ. అందులో కూర్చుని పొద్దంతా మాట్లాడాలి, ఎవరితోనూ కాదు. చెప్పులు ఎక్కడ వదలాలో, వరస ఎక్కడ మొదలవుతుందో, ఏ ఊరివాళ్ళ వ్యాను బయలుదేరుతోందో, అన్నీ చెప్పాలి. కొండంతా నా గొంతు వింటుంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం తింటుంటే పలకరించే మనిషి ఉండదు. మైకుసెట్టు చూసుకునే ఎలక్ట్రీషియను ఒకాయన ఉండేవాడు, యాభై దాటిన మనిషి. "నీ గొంతు గురుబరపల్లి దాకా పోతా ఉండాది గానీ, నీ మొగం ఎవురికీ తెల్దు కదమ్మా" అని ఎగతాళి చేసేవాడు. కిటికీ పక్కన పూలమ్మే ఆమె అప్పుడప్పుడూ ఒక మూర కనకాంబరాలు లోపలికి విసిరేది. అంతే నా స్నేహాలు.

పనికి వచ్చేటప్పుడు పిల్లలిద్దరినీ మా పక్క వీధిలో ఒక ఇంట్లో వదిలి వచ్చేదాన్ని. చిన్నవాడికి అప్పటికి మూడేళ్ళు, పెద్దదానికి ఆరు. కొండమీద ఏ బిడ్డ ఏడ్చినా మొదట వాడి గొంతే అనుకునేదాన్ని. ఒక్కో రోజు మైకులో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని, వాడు నీళ్ళ బకెట్ దగ్గరికి పోయాడేమో అనిపించి. నా భయం అలాంటిది. అంత భయం ఉన్న మనిషినే ఆరోజు ఎందుకు భయపడలేదో చెప్పాలి.

తమిళుల ఆడి నెలలో ఒక శుక్రవారం. ఆ నెలలో ప్రతి శుక్రవారమూ జనం ఎక్కువే, ఆరోజు మరీ ఎక్కువ. వరస ఒకవైపు నుంచి లోపలికి, ఇంకోవైపు నుంచి బయటికి అని కట్టెలు కట్టేశారు. లోపలికి వెళ్ళినవాళ్ళు వెనక్కి రావడానికి లేదు. ఎండ నెత్తికెక్కే వేళకు ఒకామె కిటికీ దగ్గరికి పరుగున వచ్చింది. నా వయసే ఉంటుంది. ఉద్దనపల్లి పక్క పల్లె. గొర్రెలు మేపే ఇంటి మనిషి, ఈమధ్య పూలతోటలో కూలికి కూడా పోతోందని తర్వాత తెలిసింది.

"పాప కనబళ్ళేదమ్మా. నా పాప."

"ఎన్నేళ్ళు?"

"నాలుగు పోయి అయిదు వస్తా ఉండాది."

"ఏం బట్టలు?"

"ఎర్ర పావడ. నెత్తి గుండు. మొన్ననే తీపించినాము."

"ఎవరితో ఉంది?"

"అక్క కాడ ఇడిచి అమ్మ కాడికి పోయినాను. వచ్చి చూస్తే లేదు."

ఈ ఒక్క వాక్యాన్ని తర్వాత ఎన్నిసార్లు మనసులో తిప్పుకున్నానో లెక్కలేదు. అమ్మ అంటే అమ్మవారని నాకు వెంటనే తెలిసింది. గుడిలో పనిచేసేదాన్ని కదా, ఆ మాత్రం తెలియదా? అదే వాక్యంలో, అదే నోటితో ఆమె అన్న ఇంకో మాట మాత్రం నాకు ఇంటి మాటలా వినిపించింది. అక్క అంటే అక్కే. పాప కంటే పెద్దపిల్ల. గడిలో "అక్కతో" అని రాసుకున్నాను.

ముందు తమిళం, తర్వాత తెలుగు, తర్వాత కన్నడం. అది అక్కడి పద్ధతి. "తన అక్కయ్యతో కలిసి వచ్చిన నాలుగు సంవత్సరాల పాప, ఎర్రటి పావడ ధరించినది, తలనీలాలు సమర్పించినది, ఎక్కడ ఉన్నా వెంటనే ప్రకటనల గదికి రావలసిందిగా కోరుతున్నాము." నా తెలుగు అలా ఉండేది. బాగుందని అందరూ అనేవాళ్ళు.

ఇరవై నిమిషాలైనా ఎవరూ రాలేదు. అక్కయ్యకు గుర్తులేమైనా చెబితే తొందరగా దొరుకుతారని మళ్ళీ అడిగాను.

"అక్క ఏం కట్టుకుందమ్మా?"

"పచ్చ చీర. పొద్దున నేనే కట్టినాను."

చీర కట్టిందంటే పెద్దపిల్లే అనుకున్నాను. వయసుకొచ్చిన కూతురికి పండగపూట తల్లి చీర కట్టి తీసుకురావడం మామూలే. నాకు గుండె తేలికైంది. "అయితే భయంలేదు. పెద్దపిల్ల పక్కనుంది కదా, ఎక్కడో బొమ్మల అంగడి దగ్గర నిలబడి ఉంటారు" అన్నాను.

"అవునమ్మా. అక్క ఉండాది కదా" అంది ఆమె, కళ్ళు తుడుచుకుని.

నా మాటతో ఆమె కుదుటపడింది, ఆమె మాటతో నేను. కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడి, ఇద్దరం వేర్వేరు అక్కలను నమ్ముకుని ఇంకో ఇరవై నిమిషాలు గడిపాం. ప్రకటనకు "పచ్చ చీర కట్టుకున్న అక్కయ్య" అని చేర్చాను. అంతకు మించి ఏమీ చేయలేదు. ఇద్దరు పిల్లలు కలిసి ఉన్నారనుకుంటే ఎవరికి మాత్రం తొందర ఉంటుంది?

తర్వాత సూపర్‌వైజరు వచ్చి, కాగితం నింపి ఇస్తే పోలీసులకు పంపుతానన్నాడు. అప్పుడే ఆ ఖాళీ గడి చూశాను. వయసు అడిగాను, ఆమె ఆ మాట అంది.

"ఏ అక్క?" అన్నాను. 

"వెనక దోన కాడ ఉండేది, అక్కగార్లు. ఏడుమంది. నడిమద్దెన ఉండేది పెద్దక్క. ఆమెకే పచ్చ చీర." నాకు అర్థం కావాలని ఆమె చేతులతో చూపించింది. "ఈ బిడ్డ అక్కకి మొక్కుకుంటే పుట్టింది. అయిదు నిండేదాకా ఏటేటా ఆడిలో తెచ్చి అక్క ముందర కూచోబెట్టల్ల. మేము పైకి పోయి అమ్మకు మొక్కి, కుంకుమ తెచ్చి, అక్కా నా బిడ్డను నాకియ్యి అని అడిగి తీసుకోవల్ల. వెనక్కి తిరిగి చూడకుండా పోవల్ల."

"పక్కన మనిషెవరూ లేరా?"

"మాయమ్మ ఉన్నెప్పుడు ఆమె కూచొంటా ఉండె. ఎండల్లో చచ్చిపోయింది. ఈ తూరి నేనొక్కదాన్నే. చిటికెలో వస్తాననుకొంటిని. ఆ కట్టెల్లో ఇరుక్కొంటిని."

దోన. దానికి కంచె లేదు. ఒక కొబ్బరి తాడు కట్టి ఉంటుంది, పెద్దవాళ్ళ నడుం ఎత్తున.

మైకు బల్ల మీద పడేసి పరుగెత్తాను. ఆపడం కూడా మరిచిపోయానట. నేను "అయ్యో" అనడం, కుర్చీ పడిపోవడం కొండంతా విన్నారట.

వెనక వాలున జనం అంతగా ఉండరు. నా కరపత్రంలో ఆ సన్నిధి చిట్టచివరిది. ఎండలో ఏడు రాళ్ళు, పసుపు పూసి, బొట్లు పెట్టి ఉన్నాయి. మధ్యనున్న పెద్దరాయికి చిన్న పచ్చ చీర, కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టి, కొంగు తిప్పి దోపి. దాని ముందు ఒక తుండు పరిచి ఉంది. తుండు మీద ఎవరూ లేరు. అప్పుడే వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు దీపం వెలిగించుకుంటున్నారు. వాళ్ళనడిగితే "మేము ఇబ్బుడే వచ్చినామమ్మా, బిడ్డను చూళ్ళేదు" అన్నారు.

దోన నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. పూలరెక్కలు, అగరబత్తి పుల్లలు తేలుతున్నాయి. లోపలేముందో కనిపించదు. తాడు కింద నుంచి దూరి, గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆ నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. నా కొడుకు పేరు నా నోట్లోకి వచ్చింది, ఆ పాప పేరు కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

తల్లి నీళ్ళ వైపు చూడనేలేదు. పచ్చ చీర ముందు నిలబడి, ఇంటి మనిషిని నిలదీసినట్టు అడుగుతోంది. "ఏమక్కా, నీ కాడే కదా ఇడిచింది? యాడికి పంపిస్తివి? నీకు చీర సరిగ్గా కట్టలేదా?" కేకలు లేవు. మామూలు గొంతే. అది వినలేక నేను చెవులు మూసుకున్నాను.

వెనక నుంచి ఎలక్ట్రీషియను రొప్పుతూ వచ్చాడు.

"మైకు ఇడిచిపెట్టి యాడికి పోతివమ్మా? ఈడ నీళ్ళలో చెయ్యి పెట్టుకొని కూచొంటే పాప వస్తాదా?"

"పాప ఒక్కతే ఉందన్నా. అక్క లేదు. అక్క అంటే ఇది" అని రాయిని చూపించాను.

ఆయన రాయి వైపు చూసి, నా వైపు చూశాడు. తల కొట్టుకున్నాడు. "దోన సంగతి నేను చూస్తా. ఈత వచ్చేటోళ్ళను పిలుస్తా. నీకుండేది నోరు. పో. అది చెప్పు."

తిరిగి పరుగెత్తాను. అప్పటికి ఇంకో పది నిమిషాలు పోయాయి. తప్పు చెప్పి నలభై, అసలేమీ చెప్పక పది. గదిలోకి వచ్చి మైకు తీసుకుంటే, ఎప్పుడూ వచ్చే ఆ అచ్చుపోసిన వాక్యం నోటికి రాలేదు. చిన్నప్పుడు మా అవ్వ మాట్లాడే తెలుగు వచ్చింది.

"వినండమ్మా, వినండప్పా. ముందర నేను చెప్పింది తప్పు. పాప ఒక్కతే ఉండాది. తోడు ఎవురూ లేరు. వెనక దోన కాడ అక్కగార్ల ముందర కూచోబెట్టిన పాప. ఎర్ర పావడ, గుండు. యాడ కనబడినా ఎత్తుకొని ఈడికి రాండి. ఎత్తుకొచ్చినోళ్ళను ఎవురూ ఏమీ అనరు."

ఆ చివరి మాట ఎందుకన్నానో అప్పుడు తెలియదు. తమిళంలోనూ, కన్నడంలోనూ అదే చెప్పాను.  సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి, ఇదేం భాష అన్నట్టు చూస్తున్నాడు.

కిటికీలోంచి పూలామె తల పెట్టింది. "అక్కగార్ల బిడ్డనా? అట్లని ముందే చెప్పకూడదా తల్లీ! నువ్వు అక్కయ్య అంటివి, ధరించినది అంటివి, పేపర్లో మాదిరి. ఎవురో టౌనోళ్ళ ఆడపిల్ల అనుకొంటిని."

"కింద దాకా వినిపిస్తోందా?"

"బస్సు నిలిచే కాడ మైకు హారను పొద్దుటినుంచి గరగరమంటా ఉండాది. సగం మాటలు పోతాయి." ఆమె ఇంకేమీ అడగలేదు. పూలబుట్ట పక్కకు నెట్టి లేచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కింది అంగడికి కేకేసింది. "ఓ టెంకాయలప్పా! అక్కగార్ల బిడ్డ తప్పిపోయింది! ఎర్ర పావడ, గుండు! కింద చెప్పు!" టెంకాయల ఆయన గాజులామెకు చెప్పాడు. గాజులామె చెరుకురసం బండికి. మెట్ల పొడుగునా ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి ఆ మాట దిగిపోవడం నాకు వినిపించింది. దిగేకొద్దీ చిన్నదై, వినిపించకుండా పోయింది.

మైకు ఆపేశాను. నేను మైకులో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే పైకి వచ్చే కేక వినిపించదేమో అని. ఆ కుర్చీలో ఎన్నో గంటలు ఒంటరిగా కూర్చున్నాను గానీ, అంత ఒంటరిగా ఎప్పుడూ కూర్చోలేదు.

మొదట గాజులామె గొంతు వినిపించింది. "వస్తా ఉండారు! వస్తా ఉండారు!"

మెట్లమీద జనం రెండు వైపులా ఒత్తుకుని దారి ఇచ్చారు. ఒక అమ్మాయి పైకి వస్తోంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చంకలో గుండు చేసిన పాప, ఎర్ర పావడ. పాప ఒక చేతిలో బిస్కెట్టు ఉంది. ఇంకో చేత్తో ఆ అమ్మాయి కొంగు గట్టిగా పట్టుకుంది. ఆ చీర పచ్చది.

నేను కిటికీ అంచు పట్టుకుని లేచి నిలబడ్డాను.

ఆ అమ్మాయి తమిళంలోనే మాట్లాడింది, తెలుగు రాదు. కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక్కతే వచ్చింది. వెనక వాలున ఏడు రాళ్ళకు దండం పెట్టుకుని, మెట్లు దిగి బస్సు కోసం నిలబడితే, కాళ్ళ దగ్గర ఎవరో కొంగు లాగారట. చూస్తే ఈ పాప. నీ వాళ్ళెవరు అని తమిళంలో అడిగితే, పాప తననే చూపించి "అక్క" అందట.

అప్పుడు నాకు తెలిసింది. పొద్దున తల్లి ఆ బిడ్డను తుండు మీద కూర్చోబెట్టి ఏమి చెప్పి ఉంటుంది? పచ్చ చీర కట్టుకుంది చూడు, అదే అక్క. అక్క కాడే ఉండు. యాడికీ పోవద్దు. బిడ్డ ఆ మాట జవదాటలేదు. అక్క లేచి మెట్లు దిగితే, తనూ లేచి మెట్లు దిగింది.

"మైకులో విన్నావు కదా, ఎందుకు రాలేదు?" అని సూపర్‌వైజరు గద్దించాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసి చెప్పింది. సగం సగం వినిపించిందట. అక్కతో వచ్చిన పాప అన్నారు. ఈ పాపతో ఎవరూ లేరు కదా, ఇది వేరే పాప అనుకుంది. తర్వాత పచ్చ చీర అన్నారు. అప్పుడు భయం వేసింది. పరాయి బిడ్డను ఎత్తుకుపోతున్నానని తన గుర్తులే చెబుతున్నారేమో, పైకి వెళ్తే జనం మీద పడతారేమో అని. బిడ్డను వదిలి బస్సెక్కలేదు, పైకి రాలేదు. రెండు బస్సులు పోనిచ్చి, పాపకు బిస్కెట్టు కొనిచ్చి, ఆ నీడలో నిలబడింది. కింద అంగడాయన వచ్చి, ఎవరూ ఏమీ అనరంట, పైకి పో అని చెప్పాకే కదిలింది.

భయమంటే బిడ్డ తప్పిపోయిన తల్లిదేనని అనుకున్నాను. నా ప్రకటన ఇంకో తల్లి కన్న బిడ్డను కూడా అరగంటకు పైగా భయంతో నిలబెట్టింది.

ఈలోగా తల్లి వచ్చింది. దోన దగ్గరి నుంచి ఎవరో పిలుచుకొచ్చారు. పరుగున వచ్చి, ఒక్క అడుగు దూరంలో ఆగిపోయింది. అందరం లాక్కుని గుండెకు హత్తుకుంటుందని చూస్తున్నాం. ఆమె చేతిలో ఇంకా కుంకుమ పొట్లం ఉంది. కొంగు సర్దుకుని, చేతులు జోడించి, ఆ అమ్మాయిని అడిగింది.

"అక్కా, నా బిడ్డను నాకిస్తావా?"

అమ్మాయికి అర్థం కాలేదు. నా వైపు చూసింది. ఆరోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. తమిళంలో చెప్పాను: బిడ్డను తనకివ్వమని అడుగుతోందమ్మా.

"ఎడుత్తుక్కోంగక్కా" అంది అమ్మాయి. తీసుకోండి అక్కా అని. తనకంటే పెద్దామె కదా, వాళ్ళ భాషలో కూడా అలాగే పిలుస్తారు. చంకలోంచి పాపను తీసి ఆమె చేతుల్లో పెట్టింది. తల్లి ఆ కుంకుమ ముందు అమ్మాయి నుదుట పెట్టి, తర్వాతే బిడ్డకు పెట్టింది. పూలామె ఏడ్చింది. ఎలక్ట్రీషియను దోన నీళ్ళతో తడిసిన పంచె పిండుకుంటూ, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా నిలబడ్డాడు.

వెళ్ళేముందు తల్లి కిటికీ దగ్గరికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. "నీ పుణ్యం తల్లీ, అంతసేపు గొంతు పోయేట్లు పిలిస్తివి" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నాదని చెప్పబోయాను. ఆమెకు వాళ్ళ ఊరి బస్సు వేళయింది, వినకుండానే వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి కూడా మూడో బస్సు వచ్చింది. సూపర్‌వైజరు కాగితం తీసుకుని, వయసు గడిలో అడ్డగీత గీసి, కింద "దొరికింది" అని రాశాడు. అంతే. ఎవరూ నన్నేమీ అడగలేదు.

కరపత్రంలో ఆ సన్నిధి పేరు పక్కన "అక్కగార్లు" అని కూడా వేయిద్దామని తర్వాత అడిగాను. గుడి మర్యాదకు బాగుండదన్నారు. కొన్ని నెలలకు మా ఆయనకు షిఫ్టులు మారి, నాకు ఆ పని మానక తప్పలేదు. కాబట్టి మీకు చెప్పేది ఒక్కటే. ఎవరైనా ఏడుస్తూ కిటికీ దగ్గరికి వస్తే "ఎవరితో" అనే గడి ముందు నింపకండి. యాడ ఇడిచినావమ్మా, ఎట్ల ఇడిచినావు అని అడగండి. చెప్పనివ్వండి. మనకు తెలిసిన మాటే చెబుతున్నారు అనిపించినప్పుడు మరొకసారి అడగండి. తెలియని మాటైతే ఎలాగూ అడుగుతాం.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. పిల్లల మధ్య పడుకుని, ఇద్దరి మీదా చెరో చెయ్యి వేసుకున్నాను.

తెల్లారి ఇడ్లీలు పెడుతుంటే, మావాడు మోచెయ్యి చూపించి, రోజూ చెప్పే ఫిర్యాదే చెప్పాడు. "అక్క గిల్లింది."

మామూలుగా అయితే వెంటనే పెద్దదాని వైపు తిరిగి కసిరేదాన్ని. అలా ఎన్ని రోజులు కసిరానో! ఆరోజు గరిటె పక్కన పెట్టి కింద కూర్చున్నాను.

"ఏ అక్క?" అని అడిగాను.

వాడు మా అమ్మాయిని చూపించలేదు. తలుపు వైపు చూపించాడు. నేను వాళ్ళను వదిలి పనికి వెళ్ళే ఆ ఇంటి వైపు, అక్కడి అమ్మాయినీ వీళ్ళు అక్కే అంటారు. "ఆ అక్క. నేను ఏడిస్తే గిల్లుతాది."

మా అమ్మాయి తల ఎత్తలేదు. ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకుంటోంది.

"నువ్వు కాదా? మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పినా కదమ్మా. నేను కాదు, అక్క అని చెప్పినా. నువ్వు ఇంకో దెబ్బ వేస్తివి."

ఆరోజు నేను కొండకు పోలేదు. వాళ్ళిద్దరినీ దగ్గరికి లాక్కుని, పెద్దదానితో చెప్పాను: "తప్పు నాది. నేను సరిగ్గా వినలేదు. మొదటి నుంచి మళ్ళీ చెప్పు. నువ్వు అయిపోయింది అనేదాకా నేను మాట్లాడను."